చేపపిల్లకు ఈత నేర్పక్కర్లేదు, మేతే అందించాలి

వ్యవసాయం పేజీలో గాజుతొట్టె చేపల గోలేమిటని కొందరు పాఠకులు మొహం చిట్లించవచ్చు. వరి ఊడ్పులు, జీడిమామిడి తెగుళ్లు, పాల ధర... వీటి మధ్య అంగుళంన్నర చేపకి చోటెందుకని అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. విత్తనం వేసి, మొలకను కాపాడి, పెంచి, అమ్ముకునే పని ఏదైనా సేద్యమే కదా. దానికి ఎకరం పొలమే ఉండాలని ఎక్కడా రాసి లేదు. ద్వారకానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ బాల్కనీలో నాలుగు తొట్లు పెట్టుకున్నా సేద్యమే. పైగా పొలంలో ఉన్న తిప్పలన్నీ ఇందులోనూ ఉన్నాయి. దళారీ ఉన్నాడు, సబ్సిడీ ఉంది, అప్పు ఉంది, పంట పోవడమూ ఉంది. అందుకే ఈ వారం దీని గురించి రాయవలసి వచ్చింది.

విశాఖకు చేపలు కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడ ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు మన తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వివరాలు 1803లోనే లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. సముద్రం మీద బతికే ఊరిది. అయినా ఇంట్లో పెట్టుకునే రంగు చేప కావాలంటే బయటి ఊరి మీద ఆధారపడుతున్నాం. చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా అవతల హౌరా నుంచి ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో సరుకు దిగుతుంది. అక్కడ పెంచేది కోటీశ్వరులు కాదు. చాలావరకు కుటుంబాలే, ఇళ్ల దగ్గర సిమెంటు తొట్లలో, మేడల మీద పెంచుతారు. వాళ్లు చేయగలిగిన పని మనవాళ్లు ఎందుకు చేయలేరు? చేయగలరు. కాకపోతే మనవాళ్లు మొదలుపెట్టే చోటే తప్పు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

గుడ్డు చల్లి పోయే జాతి

రంగు చేపల్లో రెండు రకాలు. గప్పీ, మోలీ, ప్లాటీ వంటివి నేరుగా పిల్లల్ని కంటాయి. ఆ పిల్ల పుట్టగానే ఈదుతుంది, నలిపిన మేత తింటుంది. కనుక గప్పీని పెంచడం పిల్లల ఆట. రెండోది గుడ్లు పెట్టేవి. అందులోనూ ఫైటర్ చేప నురగతో గూడు కట్టి మగది కాపలా కాస్తుంది. జీబ్రా, రోజీ బార్బ్, టైగర్ బార్బ్, టెట్రాలు అలా కాదు. నీళ్లలో గుడ్లు చల్లేసి తమ దారిన పోతాయి. పోవడమే కాదు, వెనక్కి తిరిగి ఆ గుడ్లనే తినేస్తాయి కూడా.

వీటిలో కొత్తవాళ్లకు తగినది జీబ్రా. ఒళ్లంతా నీలి చారలుండే ఈ చేప మన దేశపు వాగుల్లోదే. గంగ నీళ్ల చేపల మీద 1822లో పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని మొదట లోకానికి చెప్పాడు. అదే పుస్తకంలో రోజీ బార్బ్‌నూ వర్ణించాడు. మనం పట్టించుకోని ఈ బుల్లి చేపను అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. దాని మీద ఆయన చేసిన పని 1981లో వెలువడింది. మనిషి జన్యువుల్లో 70 శాతానికి దీనిలో జోడు ఉందని 2013లో తేలింది. ఇప్పుడు హైదరాబాద్ సీసీఎంబీలో కూడా దీనిపై పరిశోధన జరుగుతోంది. చేప కొంచెం, ఖ్యాతి ఘనం.

కష్టం ఎక్కడుందంటే

ఆక్వా రైతులకు ఒక చరిత్ర తెలుసు. రాగండి, బొచ్చె చెరువులో గుడ్లు పెట్టవు. వాటి పిల్లల కోసం ఒకప్పుడు వరదల్లో నదుల మీద పడి వెతికేవారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాక ఆ బాధ తీరింది. ఏటా ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం.

జీబ్రాకు ఆ ఇంజెక్షన్ అక్కర్లేదు. మంచి తిండి, తేట నీళ్లు, తెల్లవారుజాము వెలుగు ఉంటే చాలు, గుడ్లు పెడుతుంది. పొట్ట నిండిన ఆడచేప ఒక్క ఉదయంలో వందా నూటయాభై గుడ్లు చల్లడం మామూలే. వారం పది రోజులకు మళ్లీ పెడుతుంది. అంటే అయిదు ఆడచేపలుంటే ఒక్క ఉదయానికే అయిదారు వందల గుడ్లు చేతికొస్తాయి. లెక్క చూస్తే నోరూరుతుంది. అక్కడే మోసపోతారు. ఆరో రోజు వరకు తొట్టెలో నూలుపోగుల్లా కనిపించిన పిల్లలు పదో రోజుకి ఒక్కటీ ఉండదు. నీళ్లు మంచివి కావంటారు, దిష్టి తగిలిందంటారు. నిజానికి అవి ఆకలితో చచ్చిపోయాయి.

చేపపిల్లకు ఈత నేర్పాలా అని సామెత. నిజమే, నేర్పక్కర్లేదు. కానీ మేత మాత్రం అందించాలి. జీబ్రా పిల్ల నోరు సూదిమొనంత. పొడి మేత ఎంత నూరినా ఆ నోటికి పెద్దదే. దానికి కావలసింది కంటికి కనబడీ కనబడని ప్రాణి. ప్రయోగశాలల్లో లక్షలు పోసి పెంచేవాళ్లు కూడా ఈ పిల్లలకు మొదట పారమీషియం, రోటిఫర్ వంటి సూక్ష్మజీవులనే పెడతారు. అంటే ఈ వ్యాపారం గాజుతొట్టెలో లేదు, మోటారులో లేదు, రంగు బల్బులో అసలే లేదు. మొదటి పది రోజుల మేతలో ఉంది.

కైకలూరు వైపు చేపల రైతునడగండి, ఇదే మాట చెబుతాడు. నర్సరీ చెరువులో ముందు పేడ, సూపర్ వేసి, నీటికి రంగొచ్చి ప్లాంక్టన్ పెరిగాకే స్పాన్ వదులుతాడు. పిల్లను వదిలి తర్వాత మేత వెతుక్కోడు. బాల్కనీలో తొట్టెకైనా అదే సూత్రం.

ముందు గడ్డినీళ్లు, తర్వాతే జోడీ

గుడ్లు పెట్టించాలనుకున్న రోజుకి వారం ముందే మేత తయారీ మొదలుపెట్టండి. గుప్పెడు ఎండుగడ్డిని రెండు లీటర్ల నీళ్లలో పావుగంట మరిగించి చల్లార్చి వడకట్టండి. పురుగుమందు కొట్టిన చేలో గడ్డి పనికిరాదు. అందులో మందుందంటే సూక్ష్మజీవులే చస్తాయి. ఆ గడ్డినీళ్లను సీసాలో పోసి, పాత తొట్టెలోని నీళ్లో, గుడ్డలో వడకట్టిన చెరువునీళ్లో ఒక గ్లాసు కలపండి. సీసా మూతికి పల్చని గుడ్డ కట్టి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టండి. రెండు మూడు రోజులు నీళ్లు తెల్లగా మసకబారి వాసనేస్తాయి. భయపడకండి. అయిదారు రోజులకు మళ్లీ కాస్త తేటపడతాయి. వెలుతురుకి ఎదురుగా పట్టి భూతద్దంతో చూస్తే తెల్లటి నలుసులు కదులుతుంటాయి. అదే మీ చేపపిల్లల ఉగ్గు. రెండు రోజుల తేడాతో ఇంకో సీసా వేసుకుంటే మేత తెగిపోదు.

గుడ్డ కట్టమన్నది ఊరికే కాదు. మూత లేని నీళ్లు బాల్కనీలో ఉంటే దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ దోమ నిలవున్న నీళ్లను వెతుక్కుంటూ వస్తుంది. మీ చేపల సరదా పక్క ఫ్లాట్ వాళ్లకు జ్వరం కాకూడదు.

ఇక జోడీ సంగతి. ఆడది గుండ్రటి పొట్టతో వెండిలా ఉంటుంది. మగది సన్నగా, చారల మధ్య పసుపు ఛాయతో ఉంటుంది. వారం పాటు విడివిడిగా ఉంచి రక్తపు పురుగులు, దోమ లార్వాల వంటి సజీవ మేత పెట్టండి. పదిహేను ఇరవై లీటర్లు పట్టే తొట్టెలో జానెడు కంటే తక్కువ లోతు నీళ్లు పోసి, అడుగున పిల్లలాడుకునే గోళీలు రెండు వరసలు పరవండి. గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోతాయి, తల్లి నోటికి అందవు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పు పాత్రలో ఒకరోజు నిలవ ఉంచాకే వాడాలి. ఉప్పదనం ఎక్కువున్న బోరునీళ్లు వద్దు.

సాయంత్రం ఒక ఆడదాన్ని, రెండు మగవాటిని వదలండి. తెల్లవారగానే తరుముకోవడం, గుడ్లు చల్లడం అయిపోతుంది. ఎండెక్కే లోపే పెద్దవాటిని తీసేయండి. ఇక్కడ బద్ధకిస్తే గుడ్లు మిగలవు. గుడ్డు మిల్లీమీటరు లోపే, గాజులా ఉంటుంది. తెల్లబడినవి చెడినట్టు లెక్క. డ్రాపర్‌తో ఏరేయండి, లేకుంటే వాటి బూజు మిగతా వాటికి పాకుతుంది. విశాఖ వాతావరణంలో హీటర్ అక్కర్లేదు. 26 నుంచి 28 డిగ్రీల నీటిలో రెండు మూడు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజులు గాజుకి అతుక్కుని ఉంటాయి. సొన సంచి ఉంటుంది కనుక అప్పుడు మేత వద్దు. అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన పూటే గడ్డినీళ్లు అందాలి. రోజుకి మూడు నాలుగుసార్లు, కొన్ని చెంచాలు చాలు. భూతద్దంలో పొట్ట నిండుగా కనిపిస్తే మేత అందినట్టే.

చాలామంది ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన వేస్తారు. గత్యంతరం లేనప్పుడు అగ్గిపుల్ల మొనకి అంటినంత, గుడ్డలో పిండి వేయొచ్చు. చిటికెడు వేస్తే మాత్రం మిగిలింది కుళ్లి, తెల్లారేసరికి తొట్టె మొత్తం పోతుంది.

వారం పది రోజులు దాటాక ఆర్టీమియా పిల్లలు పెట్టొచ్చు. ఇది మన విశాఖ వాళ్లకు పరాయి వస్తువు కాదు. భీమిలి తీరంలో రొయ్యల హేచరీలు వాడేది ఇదే. లీటరు నీటికి 25, 30 గ్రాముల రాళ్లుప్పు కలిపి, గాలి బుడగలు వదులుతూ ఉంటే 24 నుంచి 36 గంటల్లో గుడ్లు పగులుతాయి. గాలి ఆపి కిందినుంచి దీపం చూపిస్తే పిల్లలు వెలుగువైపు చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. మంచినీళ్లతో కడిగి పెట్టండి. మూడు నెలలకు మీ పిల్లలే తిరిగి గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. తీరంలో ఉన్నవాళ్లు ఆ సంగతి మరిచిపోకూడదు. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చిన్న తొట్టెలో చేపల్ని కుక్కకండి. పల్చగా ఉంటే మోటారు ఆగినా కొంతసేపు తట్టుకుంటాయి.

నియాన్ టెట్రా మీద మోజు ఉన్నవాళ్లు కొన్నాళ్లు ఆగండి. అది అమెజాన్ అడవి నీళ్ల చేప. లవణాలు దాదాపు లేని, కాస్త పులుపు ఉన్న మెత్తటి నీళ్లలోనే గుడ్లు పొదుగుతాయి. ఆ గుడ్లకు వెలుతురు పడదు. మొదటి రెండు వానలు వదిలేసి పట్టిన వాననీరు దానికి పనికొస్తుంది. కానీ జీబ్రా చేతికి రాకుండా నియాన్ జోలికి వెళ్లడమంటే వరి నాటడం రానివాడు ద్రాక్ష పందిరి వేసినట్టే.

సబ్సిడీ కంటే ముందు సాధన

ఇప్పుడు డబ్బు మాట. కేంద్రం 2020లో తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కి 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కకట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సబ్సిడీ అన్నారు. మంచిదే. కానీ సబ్సిడీ పోనూ మిగిలింది ఎంత? ఒకరికి 1 లక్షా 20 వేలు, మరొకరికి 1 లక్షా 80 వేలు. అది సొంత డబ్బయినా కావాలి, అప్పయినా కావాలి. షెడ్డు, తొట్లు, మోటార్లు మొదటి నెలలోనే వచ్చేస్తాయి. పిల్లను బతికించే విద్య మాత్రం డబ్బుతో రాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న చందంగా గుడ్డు చూడకముందే షెడ్డు కడితే, మిగిలేది ఖాళీ తొట్టెలు, వాయిదా నోటీసులు.

ద్వారకానగర్ సందుల్లో కోచింగ్ కోసం వచ్చి గదుల్లో ఉండే కుర్రాళ్లు, ఉద్యోగం రాక ఏదో ఒకటి చేయాలనుకునేవాళ్లు, ఇంటి పనయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు దొరికే గృహిణులు... ఇలాంటి పథకాల మీద ఆశ పెట్టుకునేది వీళ్లే. వీళ్ల దగ్గర పోగొట్టుకునేంత డబ్బు లేదు. అందుకే ఒక కొలత చెబుతున్నాను. ఒక జోడీతో మొదలుపెట్టండి. ఒక టబ్బు, గుప్పెడు గోళీలు, రెండు సీసాలు చాలు. ప్రతిసారీ ఎన్ని గుడ్లు వచ్చాయి, పదో రోజుకి ఎన్ని పిల్లలు మిగిలాయి, ముప్పయ్యో రోజుకి ఎన్ని ఉన్నాయి అని నోటుబుక్కులో రాయండి. వరసగా మూడు ఈతల్లో ముప్పయ్యో రోజుకి సగం పిల్లలు మిగిలితే అప్పుడు బ్యాంకు మెట్లెక్కండి. మిగలకపోతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించండి. పోయేది గడ్డినీళ్లే కదా.

ఆ నోటుబుక్కు పట్టుకుని మీ వీధి అక్వేరియం షాపుకి వెళ్లండి. నెలకి ఏ చేప ఎన్ని అమ్ముడవుతుందో, దారిలో ఎన్ని చస్తున్నాయో అడగండి. రాత్రంతా సంచిలో కుదుపులకి నలిగి వచ్చిన చేప కంటే పక్క వీధిలో మన ఊరి నీళ్లకు అలవాటైన చేప షాపువాడికీ లాభమే. మీ బలం అక్కడుంది. ధరలో కొళత్తూరుతో పోటీ పడలేరు, బతికే చేప ఇవ్వడంలో పోటీ పడొచ్చు.

మత్స్యశాఖ వారికీ ఒక మాట. తొట్ల కొలతలు చూసి బిల్లు పాస్ చేయడం కాదు, పిల్లల లెక్క చూసి చేయండి. శిక్షణలో ఒక పూట ఉపన్యాసం తగ్గించి, సజీవ మేత తయారీ చేతులతో చేయించండి. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో అలంకార చేపల మీద పనిచేసే సీఫా ఉంది. విశాఖ నుంచి రైలెక్కితే దూరం కాదు. అక్కడి విద్య ఇక్కడి బాల్కనీకి దించడమే కావాలి.

ఈ మూడూ వద్దు

మొదటిది, 'జోడీ మేమిస్తాం, పిల్లలన్నీ మేమే కొంటాం' అనే బాండు పేపర్ల జోలికి పోకండి. ఈము పక్షుల కథ గుర్తుంది కదా. తిరిగి కొంటామని నమ్మించిన కంపెనీలు 2012లో తమిళనాడు ఈరోడ్ వైపు చేతులెత్తేశాయి. మన రాష్ట్రంలోనూ పక్షుల్ని మేపలేక, అమ్ముకోలేక రైతులు నానా యాతన పడ్డారు. కొనేవాడు మీ ఊళ్లో, మీ కంటి ముందు ఉంటేనే అది మార్కెట్.

రెండోది, మెరిసే జీబ్రాలు. సముద్రజీవుల జన్యువు ఎక్కించి తయారుచేసిన చేపలివి. 2003 చివర్లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. మన దేశంలో జన్యుమార్పిడి జీవిని పెంచాలన్నా అమ్మాలన్నా 1989 నాటి నిబంధనల ప్రకారం అనుమతి కావాలి. ఎవరో తెచ్చిచ్చారని పిల్లలు తీస్తే చిక్కు మీ మెడకే.

మూడోది, ఎక్కువైన చేపల్ని గెడ్డలోనో చెరువులోనో వదలడం. పుణ్యం కాదది. గాజుకు పట్టిన నాచు తింటుందని తెచ్చుకున్న సక్కర్ చేప అలా వదిలితేనే మన చెరువుల్లో, కృష్ణ నీళ్లలో తిష్ట వేసి వలలు చింపుతోంది. దాన్ని తినేవాడు లేడు, కొనేవాడూ లేడు. మీ సరదా ఇంకో మత్స్యకారుడి కడుపు కొట్టకూడదు. ఎక్కువైతే షాపుకి ఇవ్వండి, పక్కింటి పిల్లాడికి ఇవ్వండి.

చెప్పొచ్చేదేమిటంటే, ఈ పని చిన్నదే గాని తేలికది కాదు. తొట్టె కొన్నవాడు చేపల రైతు కాడు, గుడ్లు పెట్టించినవాడూ కాడు. పదో రోజు పొద్దున్న తొట్టెలో కదిలే పిల్లను చూపించగలిగినవాడే రైతు. ఈ వర్షాకాలంలో ఆసక్తి ఉన్నవాళ్లు షెడ్డుకి కొటేషన్ అడిగే ముందు ఒక సీసా గడ్డినీళ్లు వేసి చూడండి. అది కుదిరితే మిగతాది దానంతటదే వస్తుంది.